40 రెట్ల జూమా, 15 రెట్లదా: జేబు కెమెరాల్లో ఏది మేలు?

చలి మొదలై పులికాట్ సరస్సుకు రాజహంసలు దిగాయన్న కబురు అందగానే, చెన్నైలోని మా బంధుమిత్రులలో ఎవరో ఒకరు నన్ను అడిగే ప్రశ్న ఏటా ఒకటే. పెద్ద లెన్సులు మోయలేము, ఫోనులో తీస్తే పక్షి చుక్కలా పడుతోంది, జేబులో పట్టే కెమెరాలలో అన్నిటికన్నా ఎక్కువ జూమ్ ఉన్నది ఏదో చెప్పమంటారు. గత ఏడాది నా పాత కెమెరాను మార్చవలసి వచ్చి, ఈ లెక్కలన్నీ నేనే వేసుకున్నాను కాబట్టి, ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే మాటను ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

పోటీలో నిలిచేవి ప్రధానంగా మూడు. కెనాన్ ఎస్‌ఎక్స్ 740 హెచ్‌ఎస్ జూమ్ 40 రెట్లు, 35 మి.మీ. ఫిల్ము లెక్కలో చెప్పాలంటే 24 నుంచి 960 మి.మీ. వరకు. పానసోనిక్ టీజెడ్ 95 జూమ్ 30 రెట్లు, 720 దగ్గర ఆగుతుంది. అదే సంస్థవారి టీజెడ్ 200 జూమ్ 15 రెట్లే, 360తో సరి. అయితే దాని సెన్సర్ (లెన్సు వెనుక బొమ్మ పడే చిప్పు) పెద్దది. సోనీ హెచ్‌ఎక్స్ 99 కూడా 720 వరకు పోతుంది కనుక దానిని టీజెడ్ 95కు తోబుట్టువుగా లెక్కించుకోవచ్చు. 242 గ్రాముల బరువే కాబట్టి చొక్కా జేబులో వేసుకునేవారికి అది నచ్చుతుంది.

అడిగేవారంతా 40, 30, 15 అన్న అంకెల దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో తేల్చవలసింది వేరే ఉంది: అంత జూమ్ చేసిన తరువాత పక్షి అసలు మీ చట్రంలోకి వస్తుందా, వచ్చినది నిలుస్తుందా? 24 మి.మీ. దగ్గర 100 మీటర్ల దూరాన దాదాపు 144 మీటర్ల వెడల్పు కనిపిస్తే, 720 దగ్గర కనిపించేది సుమారు 5 మీటర్లు, 960 దగ్గర 4 మీటర్ల లోపే. ఎగురుతున్న కొంగకు అది దాటడం రెప్పపాటు పని.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సును అడ్డంగా చీల్చుకొని పోతుంది. ఆ రోడ్డు పక్కన నిలబడి మా మేనకోడలు, వ్యూఫైండర్ (కంటికి ఆనించి చూసే చిన్న కిటికీ) లేని కెమెరాను ఫోను పట్టినట్టు రెండు చేతులూ చాచి పట్టుకొని, పూర్తిగా జూమ్ చేసింది. ఉదయపు ఎండ వెనుక నుంచి తెర మీద పడి, అందులో ఆమెకు తన పసుపు చున్నీ తప్ప మరేమీ కనిపించలేదు. "మామయ్యా, ఇందాక ఇక్కడే ఉంది కదా!" అంటూ ఆమె వెతుకుతుండగానే, చాచిన చేతుల వణుకుకు చట్రమంతా ఊగిపోయి, గుంపు లేచిపోయింది. చివరికి మిగిలినవి నీళ్ల ఫోటోలు పదకొండు. కెమెరాను కంటికి ఆనించి, మోచేతులను డొక్కలకు అదిమి పెట్టుకుంటే నుదురు, రెండు చేతులు కలిసి మూడు ఆధారాలు ఏర్పడతాయి. ఎండ కూడా అడ్డురాదు. లెన్సులోని కుదుపు నివారణ ఎంత గొప్పదైనా, కనబడని పక్షిని వెతికిపెట్టడం దాని పని కాదు.

ఈ ఒక్క కారణంతోనే ఎస్‌ఎక్స్ 740 నా జాబితాలో వెనక్కి పోయింది. దానికి వ్యూఫైండర్ లేదు. టీజెడ్ 95 తరువాతిదిగా 2025లో వచ్చిన టీజెడ్ 99లో పానసోనిక్‌వారు టైప్-సి చార్జింగ్ ఇచ్చి, ఉన్న వ్యూఫైండర్‌ను తీసివేశారు. ఏమి బేరమో నాకు అర్థం కాలేదు. అలాగని ఎస్‌ఎక్స్ 740ను తీసిపారేయలేము. ఫిల్ము లెక్క పక్కనపెడితే దాని లెన్సు అసలు నాభ్యంతరం (ఫోకల్ లెంత్) 172 మి.మీ., ఎపర్చర్ ఎఫ్ 6.9; మొదటిదానిని రెండవదానితో భాగిస్తే లెన్సు ద్వారం దాదాపు 25 మి.మీ. మిగిలిన రెండింటి ద్వారాలూ 20 మి.మీ. పైచిలుకే. పెద్ద ద్వారం ఎక్కువ వెలుతురు తెస్తుంది కనుక కదలని వాటికి, అంటే మైలాపూరు గోపురం మీది బొమ్మలకో పున్నమి చంద్రుడికో, మూడుకాళ్ల స్టాండు మీద అదే గెలుస్తుంది. చంద్రబింబం చిత్రం ఎత్తులో సుమారు మూడో వంతు నిండుతుంది.

ఇక టీజెడ్ 95కూ టీజెడ్ 200కూ మధ్య. ఇక్కడ దుకాణదారులు ఎన్నడూ చెప్పని సంగతి ఒకటి ఉంది. మొదటిదాని అసలు నాభ్యంతరం 129 మి.మీ., రెండవదానిది 132 మి.మీ.; చివరన రెండింటి ఎపర్చరూ ఎఫ్ 6.4 మాత్రమే. అంటే సెన్సర్ మీద పడే పక్షి బొమ్మ పరిమాణమూ, దాని మీది వెలుతురూ రెండింటిలోనూ దాదాపు సమానం. తేడా అంతా ఆ బొమ్మ చుట్టూ ఎంత సెన్సర్ ఉన్నదన్న దానిలోనే: ఒకదానిది సుమారు 6.2 × 4.6 మి.మీ., మరొకదానిది 13.2 × 8.8 మి.మీ. (దీనిని ఒక అంగుళం సెన్సర్ అంటారు గానీ, అందులో ఏ పక్కా అంగుళం ఉండదు.) టీజెడ్ 200 చిత్రం మధ్య భాగాన్ని కత్తిరించుకుంటే 720 మి.మీ. చట్రమే చేతికి వస్తుంది. 20 మెగాపిక్సెల్‌లలో 5 మిగులుతాయి. టీజెడ్ 95 అదే చోట 20 ఇస్తుంది కదా అంటే, ఎఫ్ 6.4 దగ్గర కాంతి వివర్తనం (చిన్న ద్వారంలోంచి వస్తూ కాంతి విచ్చుకోవడం) వల్ల ఒక్కొక్క చుక్కే ఆరేడు పిక్సెళ్ల మేర పరచుకుంటుంది. ఆ పిక్సెళ్లలో చాలా భాగం మసకను పంచుకోవడానికే.

నేను టీజెడ్ 200 తీసుకున్నది ఇందుకే. చట్రం 100 మీటర్ల దూరాన సుమారు 10 మీటర్ల వెడల్పు ఉంటుంది కనుక లేచిన గుంపు అందులో ఇమిడిపోతుంది. దగ్గరితనాన్ని ఇంటికి వచ్చాక కత్తిరించి తెచ్చుకోవచ్చు. పైగా సాయంత్రం జూమ్ లేకుండా తీసే వీధి చిత్రాలలో నాలుగు రెట్ల విస్తీర్ణం ఇట్టే తెలిసిపోతుంది. పక్షి వ్యూఫైండర్‌లో చిన్నగా కనిపించడం మొదటి వారం నాకూ వెలితిగానే తోచింది.

సోనీ ఆర్‌ఎక్స్ 100 ఏడవ తరం మంచి కెమెరాయే గానీ 200 మి.మీ. దగ్గర ఆగిపోతుంది, పక్షులకు చాలదు. నికాన్ పీ 950 జూమ్ 2000 మి.మీ. వరకు ఉన్నా బరువు కిలో పైమాటే. జేబు ప్రశ్నకు అది జవాబు కాదు.

ఏది కొన్నా రెండు ఇబ్బందులు తప్పవు. ఏసీ కారులోంచి దిగగానే సముద్రపు తేమకు లెన్సు మీద ఆవిరి పడుతుంది. సంచిలోనే పావుగంట ఉంచి బయటికి తీయాలి. పదకొండు దాటాక నీటి మీది వేడిగాలి కదలికకు రాజహంస మెడ అంచులు కరిగినట్టు వస్తాయి. దానికి ఏ లెన్సూ విరుగుడు కాదు.

కొనేముందు రిచీ వీధిలోనో మరెక్కడో దుకాణం గుమ్మంలో ఎండలోకి వచ్చి నిలబడి, పూర్తిగా జూమ్ చేసి, ఎదుటి మేడ మీది కాకిని మూడు సెకన్లలో పట్టుకోగలరేమో చూడండి. పట్టుకోలేకపోతే, పెట్టె మీద ఎన్ని రెట్లని రాసి ఉన్నా ఆ కెమెరాను బల్ల మీద పెట్టి తరువాతిది అడగండి.