గుంటూరు బ్రాడీపేటలో స్క్రిప్టింగ్ క్లాసు: ఆరు ఆదివారాలు, 6,500 రూపాయలు

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాదు. గుంటూరు మిర్చి యార్డుకి దగ్గర్లో ఒక కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్లు చూసుకుంటాను. పదమూడు సిస్టములు, ఒక లైనక్స్ సర్వరు, రెండు ప్రింటర్లు. ఏదైనా పాడైతే కేకేస్తారు, అన్నీ నడుస్తుంటే నేనున్న సంగతే ఎవరికీ గుర్తుండదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతూనే ఉంటాయి. ఆఖరి లారీ వెళ్లాక, రాత్రి తొమ్మిదిన్నరకో పదికో, ఆ రోజు కాటా ఫైళ్లన్నీ రెండో డిస్కులోకి చేత్తో కాపీ చేసి ఇంటికెళ్లాలి. పోయిన సీజన్లో మూడు రోజులు వరసగా మర్చిపోయాను. నాలుగో రోజు మొదటి డిస్కు పోయింది. నేనూ మా గుమాస్తా గారూ కాగితం చీటీలు ముందేసుకుని ఆ మూడు రోజుల ఎంట్రీలూ మళ్లీ కొట్టాం. చీటీల నిండా కారం దుమ్ము. తుమ్ముకుంటూ కొట్టాం. రోజూ చేసే పనిని కమాండ్లుగా ఒక ఫైల్లో రాసి కంప్యూటరు చేతే చేయించటం, అంటే స్క్రిప్టింగ్, నేర్పే ఈ క్లాసులో ఆ తుమ్ములే నన్ను చేర్పించాయి.

ఇన్‌స్టిట్యూట్ పేరు రాయటం లేదు. మంచితో పాటు చెడూ రాస్తున్నాను, రేపు మళ్లీ సారు మొహం చూడాలి కదా. కింద టిఫిన్ సెంటరు, పైన క్లాసు, మెట్ల దగ్గర వంద శాతం ప్లేస్‌మెంట్ అని ఫ్లెక్సీ. ఆ ఫ్లెక్సీని పట్టించుకోకండి. ఫీజు 8,000 అన్నారు, రెండుసార్లు మెట్లు దిగబోతే 6,500కి వచ్చారు. ఆదివారం పొద్దున ఏడు నుంచి పది దాకా క్లాసు. పద్నాలుగు మందిమి, సిస్టములు పది.

మొదటి క్లాసులో గంటసేపు చరిత్ర చెప్పారు. స్టీఫెన్ బోర్న్ షెల్లు (మనం కొట్టిన కమాండ్లు తీసుకుని నడిపే ప్రోగ్రాము), దానికి మళ్లీ పుట్టుక లాగా 1989లో బ్రయాన్ ఫాక్స్ రాసిన బ్యాష్, వగైరా. కింద నుంచి మినపట్టు వాసన వస్తుంటే అది ఎవరి బుర్రకెక్కుతుంది?

రెండో గంటలో మాత్రం సారు చెప్పిన ఒక్క ముక్కకే నా డబ్బులు తీరిపోయాయి. ఫైలు పాత్, అంటే ఫైలు ఎక్కడుందో చెప్పే అడ్రసు, ఎలా చెప్పాలో మొదలుపెట్టి, "మన బ్రాడీపేట అడ్రసు ఎలా చెప్తారయ్యా?" అన్నారు. ఇక్కడివాళ్లకి తెలుసు, నాలుగు బై ఏడు అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. మధ్యలో గీత. "నువ్వు ఎక్కడ నిలబడి చెప్పినా అది ఒకటే ఇల్లు. అదే 'పక్క సందులో మూడో ఇల్లు' అన్నావనుకో, నువ్వు నిలబడ్డ చోటు మారితే ఇల్లు మారిపోద్ది." ఫుల్ పాత్‌కీ రిలేటివ్ పాత్‌కీ తేడా నాకు అప్పటిదాకా బట్టీయే. నాలుగో వారం, రాత్రి తొమ్మిదిన్నరకి కాపీ దానంతటదే అవ్వాలని క్రాన్‌లో (చెప్పిన టైముకి పనులు నడిపే లైనక్స్ ప్రోగ్రాము) పెట్టాను. చేత్తో నడిపితే బంగారంలా నడిచిన స్క్రిప్టు క్రాన్‌లో ఒక్క ఫైలు కూడా ఎత్తలేదు. సారుకి ఫోన్ చేస్తే ఒకటే అడిగారు: "క్రాన్ ఎక్కడ నిలబడి నడుస్తది?" అది నా కాటా ఫోల్డర్లో నిలబడదు, యూజరు హోమ్ ఫోల్డర్లో నిలబడుతుంది. నేను రాసింది పక్క సందు అడ్రసు. అన్నీ నాలుగు బై ఏడు చేశాక నడిచింది. మర్నాడు తేదీ పేరుతో ఫోల్డరు కట్టమంటే ఇంకో తంటా: క్రాన్ లైన్లో శాతం గుర్తు నేరుగా రాస్తే లైను అక్కడితో తెగిపోతుంది, ముందొక బ్యాక్‌స్లాష్ పెట్టాలి. ఇది క్లాసులో చెప్పలేదు.

మూడో ఆదివారం అందరిచేతా వర్చువల్ మిషన్లు (కంప్యూటర్లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు) పెట్టించి, మళ్లీ వెనక్కి తెచ్చుకోవటానికి స్నాప్‌షాట్ తీయించి, వాటిని మా చేతులతోనే చంపించారు. ఫోల్డరు పేరున్న వేరియబుల్, దాని వెనక స్లాషు, నక్షత్రం, ముందు ఆర్‌ఎం మైనస్ ఆర్‌ఎఫ్, అంటే ఫోల్డర్లతో సహా చెరిపేసే కమాండు. "ఆ వేరియబుల్ ఖాళీగా ఉంటే ఏమౌద్ది? చూడండి." మిగిలింది స్లాషు, నక్షత్రం, అంటే మిషను మొత్తం. నా పక్కన కూచున్న డిగ్రీ పిల్ల, "అయ్యో సార్, ఎల్ఎస్ కూడా పోయింది!" అని అరిచింది (ఎల్ఎస్ అంటే ఫైళ్ల జాబితా చూపించే కమాండు). ఆ రోజు నుంచీ ఆర్‌ఎం ముందు ఎకో (ఇచ్చిన మాటల్ని తెర మీద చూపించే కమాండు) పెట్టి, ఏం చెరపబోతుందో తెర మీద చదువుకున్నాకే ఎకో తీసేస్తున్నాను. స్క్రిప్టు పైన సెట్ మైనస్ యూ పెడితే చాలు, ఖాళీ వేరియబుల్ దగ్గర ఆగిపోతుందన్నారు సారు. అది సగమే నిజం. అసలు పెట్టని వేరియబుల్‌నే అది పట్టుకుంటుంది. పెట్టి ఖాళీగా వదిలేసిన దాన్ని పట్టుకోవాలంటే వేరియబుల్ పేరు పక్కన కోలనూ ప్రశ్నార్థకమూ రాయాలి. బ్యాష్ మాన్యువల్లో చూసి తెలుసుకున్నాను.

మా ఫైళ్ల పేర్లలో ఖాళీలు ఎక్కువ. "పెదకూరపాడు తేజ లాట్ 12" అని గుమాస్తా గారు పేరు పెడతారు, వద్దంటే వినరు. వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్లు లేకపోతే బ్యాష్ దాన్ని నాలుగు ముక్కలు చేసి, పెదకూరపాడు అనే ఫైలు లేదంటుంది. ఈ కోట్ల సంగతి సారు బాగా చెప్పారు, కానీ నోట్సు నాశనం చేసింది. జిరాక్సు మీద జిరాక్సు తీసిన కాగితాలు, వాటిలో బ్యాక్‌టిక్కూ (లోపలి కమాండు నడిపి దాని ఫలితాన్ని అక్కడ పెట్టే గుర్తు) సింగిల్ కోటూ కవలపిల్లలు. ఒక ఉదాహరణ దగ్గర పద్నాలుగు మందిమీ అరగంట తన్నుకున్నాం. ఇప్పుడు బ్యాక్‌టిక్కుల బదులు డాలరు గుర్తూ బ్రాకెట్లే వాడుతున్నారు, నోట్సు మార్చొచ్చు కదా!

నా అసలు కోపం ఆఖరి ఆదివారం మీద. పవర్‌షెల్, అంటే విండోస్‌తో వచ్చే షెల్లు, మొత్తం ఆ ఒక్క పూటలో తోసేశారు. మా ఆఫీసులో పదమూడింట పదకొండు విండోస్ మిషన్లే, నేను దాని కోసమే ఎదురు చూశాను. ఒక కమాండు ఫలితాన్ని ఇంకో కమాండుకి అందించేది పైపు. బ్యాష్‌లో ఆ పైపు గుండా వెళ్లేది అక్షరాలు, పవర్‌షెల్‌లో వెళ్లేది ఆబ్జెక్టులు, అంటే పేరు, సైజు లాంటి వివరాలు విడివిడిగా ఉన్నవి. అంత పెద్ద తేడాకి అయిదు నిమిషాలు. వాట్‌ఇఫ్ అని చివర చేరిస్తే చాలా కమాండ్లు ఏమీ చెరపకుండా ఏం చెరిపేవో చెప్తాయి, మా ఎకో ముచ్చటకి అసలు వారసుడు అది, దాని ఊసే లేదు. పైగా స్క్రిప్టు నడవకపోతే ఎగ్జిక్యూషన్ పాలసీని (ఏ స్క్రిప్టులు నడవనివ్వాలో చెప్పే సెట్టింగు) అన్‌రెస్ట్రిక్టెడ్ చేసేయమన్నారు. ఆఫీసు మిషన్లలో ఆ పని చెయ్యకండి, రిమోట్‌సైన్డ్ (నెట్ నుంచి దింపిన స్క్రిప్టులకి డిజిటల్ సంతకం అడిగేది) సరిపోతుంది. పవర్‌షెల్ విండోస్‌కే అని కూడా అన్నారు. 2006లో వచ్చినప్పుడు అంతే, 2016 నుంచి లైనక్స్ మీదా ఉంది.

ఐదుకి మూడున్నర ఇస్తున్నాను, ఆ అర బ్రాడీపేట అడ్రసుకి. లైనక్స్ సర్వరు చేతిలో ఉండి, రోజూ ఒకే పని చేత్తో చేస్తున్నవాళ్లు వెళ్లండి. ఉద్యోగం కోసమైతే వద్దు, విండోస్ కోసమైతే అసలొద్దు. నా కాపీ తొమ్మిదిన్నరకి దానంతటదే అవుతోంది, పొద్దున లాగ్ ఫైలు చూసుకుంటే చాలు. పవర్‌షెల్ వేరే కోర్సు పెడతాం, 5,000 అన్నారు సారు. సీజను అయ్యాక చూద్దాం అన్నాను.

చేరేవాళ్లు మాత్రం ఆరున్నరకే వెళ్లండి. గోడవైపు ఉన్న రెండు సిస్టములకి కీబోర్డులో స్లాషు పనిచెయ్యదు.