ఆర్15ని ట్రాక్‌కు తయారు చేయడం: పవర్ పెంచి చూశా, బరువు తగ్గించి చూశా

2020 చివర్లో కొన్న యమహా బైకు, బీఎస్6 ఆర్15 వీ3, ఇప్పటికీ నా దగ్గరే ఉంది. వారమంతా హన్మకొండలో ఆఫీసుకు, ఆదివారం బుద్ధి పుడితే ములుగు మీదుగా లక్నవరం దాకా, వీలు చిక్కినప్పుడు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కు. వరంగల్ స్టేషన్లో ట్యాంకు ఖాళీ చేసి బండిని పార్సిల్లో వేయడం, అక్కడ దిగాక డెలివరీ కోసం పడిగాపులు కాయడం అదో పెద్ద కథ, ఇక్కడ వద్దు. ఈ బండికి పవర్ పెంచడానికీ ఖర్చు పెట్టాను, బరువు తగ్గించడానికీ పెట్టాను. "దేనికి పెడితే మంచిదన్నా" అని మా పోరగాళ్లు అడుగుతూనే ఉంటారు కాబట్టి వాడకంలో తేలింది రాస్తున్నా.

కాగితం మీద పవరే గెలుస్తుంది. బండి 142 కేజీలు, నేను అప్పట్లో 84, లెదర్ సూటు, బూట్లు, హెల్మెట్ కలిపి ఇంకో పది. మొత్తం 236 కేజీలను 18.6 పీఎస్ (పీఎస్ అంటే దాదాపు హార్స్‌పవరే) లాగాలి. ఒక్క పీఎస్ పెరిగితే వచ్చే పికప్‌ను బరువు తీసి సంపాదించాలంటే 12 కేజీలు తీయాలి. అంత చిన్న బండిలో 12 కేజీలు ఎక్కడని తీస్తాం?

చిక్కల్లా ఆ ఒక్క పీఎస్ ఎక్కడ దొరుకుతుందన్న దగ్గరే. నేను పొగ తేలిగ్గా బయటికి వదిలే ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేయించి, ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, కూడా ట్యూన్ చేయించాను. ట్యూన్ చేయకుండా ఉత్త సైలెన్సర్ మారిస్తే మిగిలేది సౌండే. ట్యూన్ అయ్యాక 8,000 ఆర్పీఎం పైన బండి కాస్త హుషారుగా లాగింది, అది నిజం. కానీ ట్రాక్‌లో తిన్నగా సాగే స్ట్రెయిట్ చివర్లో స్పీడోమీటర్ మీద తేడా వెతుక్కోవాల్సి వచ్చింది. దానికి కారణం గాలి. వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చడానికి కావలసిన పవర్ దాదాపు వేగం ఘనం లెక్కన పెరుగుతుంది. గంటకు 140 కిలోమీటర్ల దగ్గర ఒక పీఎస్ అదనంగా ఇస్తే పెరిగే వేగం రెండు, రెండున్నర కిలోమీటర్లే. గడ్డం ట్యాంకుకు ఆనించి, మోచేతులు లోపలికి ముడుచుకుంటే అంతకంటే ఎక్కువే వస్తుంది, పైసా ఖర్చు లేదు.

విచిత్రం ఏంటంటే ఆ సైలెన్సర్ కంపెనీదానికంటే రెండు కేజీల పైనే తేలిక. పవర్ కోసం కొన్న వస్తువు చివరికి బరువు ఖాతాలో పనికొచ్చింది. రోడ్డు మీద మాత్రం దాన్ని వాడను. పట్టుకున్న సైలెన్సర్లను పోలీసులు రోడ్ రోలర్ కింద వేసి తొక్కించే వీడియోలు మీరూ చూసే ఉంటారు. అది ట్రాక్ సామాన్ల డబ్బాలోనే ఉంటుంది.

మా గ్యాంగులో ఒకతను ఇంకా ముందుకెళ్లి ఇంజన్ సిలిండర్‌ను వెడల్పు చేసే బోర్ కిట్ వేయించాడు. 58 ఎంఎం బోరు 62 అయింది, 155 సీసీ కాస్తా 177 అయింది. మొదట్లో స్ట్రెయిట్‌లో నన్ను దాటి పోతుంటే కుళ్లుకున్న మాట వాస్తవం. కానీ ఎండాకాలం చెన్నై వేడికి నాలుగు ల్యాపులు గట్టిగా తిప్పేసరికి టెంపరేచర్ ఎక్కి బండిని పిట్‌లో నిలబెట్టేవాడు. తర్వాత క్లచ్ ప్లేట్లు జారాయి, ఆపైన ఇంజన్ హెడ్ గ్యాస్కెట్ పోయింది. రేసు టీముకైతే అది మామూలే, ఇంజన్ విప్పి బిగించడానికి మనుషులుంటారు. సోమవారం పొద్దున అదే బండి మీద డ్యూటీకి పోవాల్సిన మనలాంటోళ్లకు అది తలనొప్పి.

బరువు సంగతికొస్తే, నేను పెద్దగా కొన్నదేమీ లేదు, విప్పిందే ఎక్కువ. సారీ గార్డ్, వెనక కూర్చునేవాళ్ల ఫుట్‌రెస్టులు, నంబర్ ప్లేట్ ఉండే వెనక మడ్‌గార్డ్, అద్దాలు, సైడ్ స్టాండ్. అన్నీ ఒక గోనె సంచిలో వేసి కొక్కెం తూకానికి తగిలిస్తే ఐదు కేజీలు దాటింది. ఇంటికి రాగానే మళ్లీ అన్నీ బిగిస్తాను, రోడ్డు మీద సారీ గార్డ్, ఫుట్‌రెస్టులు చట్టప్రకారం ఉండాల్సినవే. ఇంకోటి పెట్రోల్. 11 లీటర్ల ట్యాంకు నిండితే 8 కేజీలు. ట్రాక్ మీద ఒక విడతకు, అంటే ఒక సెషన్‌కు, నాలుగు లీటర్లు ఎక్కువే, అక్కడే ఐదు కేజీలు మిగిలాయి.

తేడా ఎక్కడ తెలిసిందంటే, కుడివైపు వంచిన బండిని వెంటనే ఎడమకు తిప్పాల్సిన చోట. ఇంతకుముందు హ్యాండిల్‌ను రెండు చేతులా నెట్టేవాడిని, ఇప్పుడు ఫుట్‌రెస్ట్ మీద కాలు నొక్కితే సగం పని అయిపోతుంది. సెషన్ చివర్లో ముంజేతులు బిగుసుకుపోవడం బాగా తగ్గింది. బ్రేకుల విషయంలో మాత్రం చాలామంది అనుకున్నట్టు బండి ఆగే దూరం అమాంతం తగ్గదు. అది టైరు పట్టు మీద, వెనక చక్రం లేస్తుందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. బరువు తగ్గితే డిస్క్ మింగాల్సిన వేడి తగ్గుతుంది. సెషన్ సగానికొచ్చేసరికి నా ముందు బ్రేక్ లివర్ మెత్తబడి వేళ్ల దాకా వచ్చేది. ఇప్పుడు చివరి ల్యాపులో కూడా మొదట్లో పట్టిన చోటే పడుతోంది.

అన్నిటికన్నా పెద్ద బరువు ఎవరిదో పోచమ్మమైదాన్‌లో మా మెకానిక్ మొదటి రోజే చెప్పాడు. బరువు తక్కువుండే లిథియం బ్యాటరీ రేటు అడిగితే నన్ను కిందికీ పైకీ చూసి, "ముందుగాల నువ్వు తగ్గరాదే అన్నా" అన్నాడు. ఇప్పుడు 76 ఉన్నాను. ఎనిమిది కేజీలు, అదీ బండి మీద అటూ ఇటూ కదిలే బరువు. వంపులో సీటు మీంచి కిందికి జరిగి మళ్లీ పైకి రావడం ఎంత తేలికయిందో రాస్తే అతిశయోక్తి అనుకుంటారు.

లిథియం బ్యాటరీ, కార్బన్ ఫైబర్ ముక్కలు, టైటానియం బోల్టులు ఈ బండికి దండగ. చక్రాల బరువు తగ్గితే నిజంగా లాభమే, తిరిగే బరువు కాబట్టి, కానీ ఆ తేలిక రిమ్ముల ధరకు ఇంకో పాత బండి వస్తుంది. ఉన్నదాన్ని చెడగొట్టుకోకుంటే చాలు. వెనక కంపెనీ ఇచ్చిన 140/70 టైరు తీసేసి లుక్కు కోసం ఇంకా వెడల్పైన 150 వేసేవాళ్లను చూస్తే నాకు అర్థం కాదు. బరువూ పెరుగుతుంది, తిరగడానికీ మొరాయిస్తుంది.

స్ట్రెయిట్‌లో కేటీఎం వాళ్ల 373 సీసీ ఆర్‌సీ 390 వస్తే మర్యాదగా దారివ్వడమే. దాని 43 పీఎస్ ముందు నా సారీ గార్డ్ ఏ మూలకు? పికప్ కావాలనుకుంటే వెనక స్ప్రాకెట్‌కు (చైను పట్టే పళ్లచక్రం) రెండు పళ్లు పెంచుకోండి, వంపులోంచి బయటికొచ్చేటప్పుడు బాగా లాగుతుంది. హైవే మీద మాత్రం ఇంజన్ ఎప్పుడూ అరుస్తూనే ఉంటుంది, మైలేజ్ కూడా కాస్త పడిపోతుంది. నేను ట్రాక్‌కు వెళ్లే ముందు మార్చి, వచ్చాక పాతదే వేస్తాను.

ఈసీయూ ట్యూన్ కోసం పెట్టిన డబ్బుతో మంచి టైర్ల జత, బ్రేక్ ప్యాడ్లు వచ్చేవి. మీరు ఇప్పుడే మొదలుపెడుతుంటే ఆ రెండూ తీసుకుని, స్పానర్ పట్టుకుని వెనక భాగం విప్పడం మొదలుపెట్టండి. నా బండికి తర్వాత చేయించబోయేది ముందు ఫోర్కుల్లో (ముందు చక్రం సస్పెన్షన్) గట్టి స్ప్రింగులు, కొత్త ఫోర్క్ ఆయిల్.