కేబీఆర్ పార్కులో నడక: చెవికి హాయి, మరి ఊపిరికి?

నాకు ఉబ్బసం ఉంది. నడకకు ఎక్కడికి వెళ్లినా ముందు చూసుకునేది గాలినే. హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్కు గురించి కూడా ఆ లెక్కలోనే చెబుతున్నాను.

ఇక్కడ కొందరు టికెట్ తీసుకుని లోపలి దారిలో నడుస్తారు, కొందరు ప్రహరీ వెంట బయటి ఫుట్‌పాత్ మీద. రెండింటికీ పోలికే లేదు. బయట సిగ్నల్ పడగానే బస్సులన్నీ ఒక్కసారి కదులుతాయి, ఆ పొగ గొంతులో పట్టేస్తుంది. ఇక హారన్లు! ఆసుపత్రి చుట్టూ 100 మీటర్ల దాకా పగలు 50 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పార్కు దగ్గర్లోనే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అక్కడ పడుకున్నవాళ్లను తలచుకుంటే హారన్ మోగినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

లోపలికి వెళ్తే నెమళ్ల అరుపులు, ఎండుటాకుల చప్పుడు, పెద్ద పెద్ద రాతిగుండ్లు. భుజాలు వాటంతటవే వదులవుతాయి. ఈ 390 ఎకరాల అడవిని 1998లో జాతీయ పార్కుగా ప్రకటించి మంచి పని చేశారు. నగరం నడిబొడ్డున ఇంత ప్రశాంతత దొరకడం అదృష్టమే.

అయితే ఒక్క మాట. పక్షుల కూత వినిపిస్తే గాలి కూడా శుభ్రంగానే ఉందనుకుంటాం. నిజానికి పీఎం 2.5 అనే అతి సన్నటి ధూళి కంటికి కనబడదు, దానికి వాసన కూడా ఉండకపోవచ్చు. చలికాలం తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లబడి పైకి లేవదు, రాత్రి పొగంతా కిందే నిలిచిపోతుంది. అంటే చెవికి అత్యంత హాయిగా ఉండే వేళే ఊపిరితిత్తులకు చెడ్డవేళ కావచ్చు. నా ఛాతీ బిగుతు కూడా ఆ నెలల్లోనే ఎక్కువ.

అందుకే బయల్దేరే ముందు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో గాలి నాణ్యత సూచీ చూస్తాను. సనత్‌నగర్‌లో గాలిని కొలిచే కేంద్రం అంకె పార్కు గాలికి అచ్చంగా సరిపోదు, కానీ ఆ రోజు నగరం ఎలా ఉందో తెలుస్తుంది. సూచీ 100 దాటితే మా ఇంటి డాబా మీదే నడక.

ఆయాసం ఉన్నవాళ్లు చలికాలంలో కాస్త ఎండ ఎక్కాక, లోపలి దారికే వెళ్లండి. బయటి ఫుట్‌పాత్ తప్పదనుకుంటే ఎన్95 మాస్కు ముక్కుకు బిగుతుగా పెట్టుకోండి. చేతిరుమాలు ఈ సన్నటి ధూళిని ఆపలేదు.