కూబర్ పీడీలో ఒక పగలు: ఏది ఎప్పుడు చూడాలి, ఎక్కడ ఉండాలి

దక్షిణ ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నుంచి స్టూవర్ట్ హైవే మీద ఉత్తరంగా దాదాపు 850 కిలోమీటర్లు వెళ్తే, ఓపల్ అనే రత్నపు రాయి గనుల ఊరు కూబర్ పీడీ. ఉలూరు అనే ఎర్రటి మహాశిలను చూడటానికి వెళ్లేవాళ్లలో చాలామంది రాత్రి ఇక్కడ పడుకుని, తెల్లారగానే బండి తీసేస్తారు. అది నష్టమే. రెండు రాత్రులు దిగి, మధ్యలోని పగలంతా ఊరు చూసుకోవాలి. మూడో రాత్రికి మాత్రం పని లేదు.

దక్షిణం నుంచి వస్తుంటే దారిలోని గ్లెన్‌డాంబో అనే చిన్న ఊళ్లో ట్యాంకు నింపాల్సిందే. ఆ తర్వాత 250 కిలోమీటర్ల పాటు బంకు లేదు. 50 మీటర్ల పైచిలుకు పొడవుండే రోడ్ ట్రైన్ లారీలు ఎదురవుతాయి. వాటిని దాటాలంటే ముందు కిలోమీటరుకు పైగా ఖాళీ కనిపించాలి.

ఇక్కడ తిరుగుడు ఎండను బట్టి ఉండాలి. వేసవైన డిసెంబరు, జనవరిల్లో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. వెళ్లడానికి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా బాగుంటుంది, కాకపోతే జూన్, జూలై రాత్రులకు స్వెటర్ తప్పదు. ఏ కాలంలోనైనా పొద్దున, సాయంత్రం నేల మీద, మధ్యాహ్నం నేల కింద తిరగడం మేలు. ఇసుకరాతిని తొలిచి కట్టుకున్న డగౌట్ ఇళ్లలో ఏడాది పొడుగునా 23–25 డిగ్రీలే ఉంటుంది.

పొద్దున్నే ఓపల్ ఏరుకోవడానికి వెళ్లొచ్చు. దీన్ని ఇక్కడ నూడ్లింగ్ అంటారు. జువెలర్స్ షాప్ రోడ్డు పక్కన జనం కోసం వదిలిన మట్టిదిబ్బలున్నాయి, రుసుం లేదు. చిన్న గరిట, నీళ్ల స్ప్రే సీసా చాలు. తడిపితే రాయిలో రంగు తేలుతుంది. దొరికేది ఎక్కువగా రంగు ఆడని పాచ్ రాయే, కాబట్టి పిల్లలకు సరదాగా గంటసేపు చాలు. మిగతా దిబ్బల జోలికి పోవద్దు. అవి ఒకరి క్లెయిమ్‌లు, అంటే తవ్వుకునే హక్కు వాళ్లదే. పైగా మూత లేని నిలువు గుంతలుంటాయి. ఫోటో కోసం వెనక్కి అడుగేయకండి. ఊరి బయట బోర్డుల మీద రాసిందీ అదే.

మధ్యాహ్నానికి ఓల్డ్ టైమర్స్ మైన్, ఉమూనా మ్యూజియం ఉన్నాయి. ఒక్కదానికే సమయముంటే ఓల్డ్ టైమర్స్ ఎంచుకోండి. 1916 నాటి చేతితవ్వకపు గని అది. 1968లో ఎవరో ఇల్లు పెంచుకోబోతే బయటపడింది. హెల్మెట్ పెట్టుకుని మన తీరికన మనమే తిరగొచ్చు. వంగి నడవాల్సిన చోట్లున్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. వివరించి చెప్పేవాళ్లు కావాలంటే ఉమూనాలో గైడ్ ఉంటారు. నేల కింది సెర్బియన్ చర్చి 15 నిమిషాల్లో అయిపోతుంది గానీ వదలొద్దు. గోడల్లోనే చెక్కిన బొమ్మలు, పైకప్పు మీద యంత్రం గీతలు చూడాల్సినవే. గడ్డి పరక లేని గోల్ఫ్ మైదానాన్ని కారులోంచి చూస్తే చాలు.

ఓపల్ కొనేటప్పుడు మూడు రకాలు తెలియాలి. సాలిడ్ అంటే మొత్తం ఓపలే. డబ్లెట్‌లో పల్చటి ఓపల్ పొరకు కింద నల్లటి రాయి అతికిస్తారు. ట్రిప్లెట్‌లో పైన గాజులాంటి కప్పు కూడా ఉంటుంది. పక్కనుంచి చూస్తే అతుకు గీత కనిపిస్తుంది. అంచులు మూసిన ఉంగరంలో కనిపించదు, కాబట్టి విడిరాయి చూపమనండి. డబ్లెట్, ట్రిప్లెట్ నీళ్లలో నానితే జిగురు చెడి మసకబారతాయి, అంట్లు తోమే చేతికి పనికిరావు. బిల్లు మీద రకం రాయించుకోండి. ఒకే దుకాణంలో 300 డాలర్లు, ఆపైన కొని, 60 రోజుల్లోపు దేశం దాటేవాళ్లకు విమానాశ్రయంలో జీఎస్టీ తిరిగి వస్తుంది.

అసలు చూడాల్సింది సాయంత్రపు కాంకు-బ్రేక్‌అవేస్. తెలుపు, పసుపు, ఇటుక రంగుల బల్లపరుపు గుట్టలు ఏటవాలు ఎండలో వెలుగుతాయి. పర్మిట్ ముందే కొనుక్కోవాలి. ఊరి నుంచి హైవే మీద ఉత్తరంగా పోయి, కుడివైపు మట్టిరోడ్డు పట్టడం మామూలు దారి. తిరగేసి వెళ్లడం ఇంకా మేలు. ముందు ఊడ్నడట్టా మట్టిరోడ్డు మీదుగా మూన్ ప్లెయిన్, గొర్రెల్ని డింగోల నుంచి కాపాడే 5,600 కిలోమీటర్ల కుక్కల కంచె చూసి, చివరకు వ్యూపాయింట్లకు చేరితే, వెలుగు తగ్గేసరికి తారురోడ్డు దగ్గర్లో ఉంటారు. మొత్తం 70 కిలోమీటర్లు, రెండున్నర గంటలు.

చిక్కల్లా అద్దె కారుతోనే. మామూలు కార్ల ఒప్పందాల్లో మట్టిరోడ్డు మీద బీమా వర్తించదని, చాలావాటిలో ఊరి బయట రాత్రి నడపొద్దని కూడా ఉంటుంది. కంగారూలు రోడ్డెక్కేది సరిగ్గా ఆ మునిమాపు వేళే. ఒప్పందం ఒప్పుకోకపోతే స్థానిక టూర్ బస్సెక్కండి, ఆ డబ్బు దండగ కాదు. వాన పడితే మట్టిరోడ్లు మూసేస్తారు, మూసిన రోడ్డెక్కితే జరిమానా.

బసకు నేల కింది గదే తీసుకోండి. బుక్ చేసేటప్పుడు అడిగి రాయించుకోవాలి. డెజర్ట్ కేవ్ లాంటి హోటళ్లలో పైన కూడా గదులున్నాయి. లోపల నిశ్శబ్దం, చల్లదనం, ఏసీ అక్కర్లేని నిద్ర. కిటికీ ఉండదు, ఫోన్ సిగ్నల్ అందకపోవచ్చు. మూసిన చోట ఊపిరాడనట్టుండేవాళ్లు పై గదే తీసుకోవాలి. దీపం ఆర్పితే కటిక చీకటి కాబట్టి చిన్నపిల్లలుంటే టార్చి పక్కనే పెట్టుకోండి.

శాకాహారులకు పిజ్జా, పాస్తా, చిప్స్ దాటి పెద్దగా ఏమీ ఉండదు. వంటగది ఉన్న గది, వెంట చిన్న రైస్ కుక్కర్, పులిహోర పొడి ఉంటే రెండు పూటలు గడుస్తాయి. నీళ్లు బోరు నుంచి తోడి, ఉప్పు తీసి సరఫరా చేస్తారు. స్నానాలు పొదుపుగా కానివ్వండి. ఉత్తరానికి బయల్దేరే ముందు మనిషికి పది లీటర్ల చొప్పున డబ్బాలు నింపుకోండి.