పిల్లలకు స్కీ క్లాసులా? వాళ్ల నాన్నే నేర్పిస్తానన్నారు!

మొదటిసారి మంచు కొండలకు వెళ్లినప్పుడు పిల్లలకు క్లాసులు దండగ అనుకున్నాం. మావారికి స్కీయింగ్, అంటే కాళ్లకు పొడుగాటి పలకలు (స్కీలు) తగిలించుకుని మంచు మీద జారడం వచ్చు. "నేనుండగా వేరే టీచరెందుకు, రెండు గంటల్లో నేర్పించేస్తా" అన్నారు. అప్పటికి పాపకు 7 ఏళ్లు, బాబుకు 4. పొద్దున్న పదిన్నరయ్యేసరికి పాప మంచులో చతికిలబడి "నువ్వు అరుస్తున్నావు నాన్నా, నేను రాను" అని మొండికేసింది. ఆయన అరవలేదు, గాలిలో వినపడాలని గొంతు పెంచారంతే. బాబు స్కీలు ఎప్పుడో విప్పించేసుకుని మంచు ముద్దలు చేసుకుంటున్నాడు. మధ్యాహ్నం వాణ్ణి కాళ్ల మధ్య పెట్టుకుని వంగి వంగి దిగిన పాపానికి సాయంత్రానికి ఆయనకు నడుం పట్టేసింది.

మర్నాడు బాబుకు గంటసేపు ప్రైవేట్ క్లాసు పెట్టించాం. బరువు ఏ కాలి మీద వేయాలి లాంటి మాట ఆ టీచరమ్మ ఒక్కటీ ఎత్తలేదు. స్కీల ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరంగా జరిపించి "ఇది పిజ్జా ముక్క" అంది. ముక్క పెద్దదైతే ఆగుతావు, చిన్నదైతే జారతావు. రెండూ సమాంతరంగా పెడితే ఫ్రెంచ్ ఫ్రైస్. చేతికి కర్రలు ఇవ్వనేలేదు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకోమంది. గంట తిరిగేలోపు వాడు మ్యాజిక్ కార్పెట్ (నిలబడితే వాలు పైకి మోసుకెళ్లే కదిలే పట్టీ) ఎక్కి పైకెళ్లి, తనంతట తాను దిగి ఆగాడు. మావారు ఏమీ మాట్లాడలేదు.

రెండోసారి ఫ్రెంచ్ ఆల్ప్స్. ఈసారి బుద్ధిగా ఇద్దరికీ గ్రూప్ క్లాసులే అనుకున్నాం గానీ, తప్పు ప్రయాణం టికెట్ల దగ్గర జరిగింది. అక్కడ పిల్లల గ్రూపులు ఎక్కువగా ఆదివారమో సోమవారమో మొదలై అదే టీచరు, అదే పిల్లలతో శుక్రవారం దాకా సాగుతాయి. చివర్లో చిన్న పరీక్ష, బ్యాడ్జి. చిన్నపిల్లల స్థాయిలకు ఎలుగుబంటి పిల్ల, మంచు రేకు అని ముద్దు పేర్లు, ఆ పైన నక్షత్రాలు. ఉత్తర అమెరికాలో చాలా చోట్ల ఏ రోజుకారోజు తీసుకోవచ్చు కదా, ఇక్కడా అంతేలే అని మేం సోమవారం రాత్రికి దిగాం. మంగళవారం పొద్దున్న బాబును ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ తోశారు. బుకింగప్పుడు గ్రూపుకు ఎనిమిది మందే అన్నారు, తీరా చూస్తే పన్నెండు మంది. నేను వలకు ఇవతల నిలబడి లెక్కపెట్టాను. ఇరవై నిమిషాల్లో వాడు దిగింది రెండుసార్లు. మిగతా సమయమంతా లైన్లో నిలబడి గ్లవ్స్ నాకుతూ ఉన్నాడు. పాప గ్రూపు మాత్రం బాగా కుదిరింది. ఐదుగురే, అందరూ ఇంచుమించు ఒకే ఈడు వాళ్లు. స్కూలు అదే, ధర అదే! అందుకే స్కూలు పేరు కన్నా ఒక టీచరుకు ఎంతమంది, వయసుల వారీగా విడదీస్తారా, రోజూ అదే టీచరా, పిల్లలకు అర్థమయ్యే భాషలో చెబుతారా అన్నవే ముందు అడుగుతున్నాను. లిఫ్ట్ పాస్ (కొండ పైకి తీసుకెళ్లే లిఫ్టుల టికెట్), హెల్మెట్ కలిపేనా, విడిగానా అన్నది కూడా. మధ్యాహ్నం భోజనం వాళ్లే చూసుకుంటారో లేదో కనుక్కోకపోతే ఆ గంట కోసం మన రోజంతా పోతుంది.

ఇంకోటి, పిల్లల స్థాయి ఎక్కువ చేసి చెప్పకండి. "మావాడికి వచ్చు" అని పై గ్రూపులో వేయించి, మధ్యలో కిందికి దింపితే వాడి ముఖం చూడలేం. ఆగమన్న చోట ఆగుతూ, రెండు వైపులకూ తిరగగలిగితేనే "కొద్దిగా వచ్చు" అని రాయండి.

బస గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. బాల్కనీ లోంచి కొండ కనిపించకపోయినా ఫర్వాలేదు, స్కీ స్కూల్ పిల్లల్ని పోగుచేసే చోటికి నడిచే దూరంలో ఉంటే చాలు. రెండోసారి తీసుకున్న గది ప్రకటనలో తలుపు తీస్తే మంచువాలే అన్నారు. నిజమే. కానీ స్కూల్ దగ్గరికి వెళ్లాలంటే ఆ వాలు మీద స్కీ చేసుకుంటూ దిగాలి, అది రాకే కదా క్లాసుకు పంపేది! చివరికి రోజూ షటిల్ బస్సే. ఒక చేత్తో రెండు జతల స్కీలు, ఇంకో చేత్తో బాబు. మూడోసారి పాత గది, చిన్న గది, కానీ స్కూల్‌కు నాలుగు నిమిషాలు. మొదటి రోజు బాబు గ్లవ్స్ గదిలోనే మర్చిపోతే పరుగెత్తి తెచ్చేసరికి క్లాసు ఇంకా మొదలు కాలేదు.

అద్దె బూట్లు క్లాసుకు ముందు రోజు సాయంత్రమే తీసుకోండి, పొద్దున్న ఆ రద్దీలో కొలతలు సరిగ్గా చూడరు. బూటులోపల ఒక్క పొడుగు సాక్సు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఒకరోజు బాబు "కాలు నొప్పి" అని ఏడుస్తుంటే క్లాసు ఇష్టం లేక వేషాలేస్తున్నాడని కసిరాను. విప్పి చూస్తే లోపలి థర్మల్ ప్యాంటు అంచు మడతపడి బూటులో నలిగి, పిక్క మీద ఎర్రగా గీత. వాడికి సారీ చెప్పాను.

మూడోసారి మేం పెట్టుకున్న పద్ధతి ఇది. మొదటి మూడు రోజులు పొద్దున పూట మాత్రమే గ్రూప్ క్లాసు. అప్పుడు మేమిద్దరం పైకి వెళ్లి తిరిగొస్తాం. మధ్యాహ్నం నలుగురం కలిసి, పిల్లలు పొద్దున్న దిగిన ఆకుపచ్చ వాలు (ఆకుపచ్చ గుర్తున్న తేలిక వాలు) మీదే. ఐదారేళ్ల వాళ్లకు రోజంతా క్లాసు ఎక్కువే, మధ్యాహ్నం రెండు దాటాక కాళ్లు ఆడవు. నాలుగేళ్ల లోపు వాళ్లయితే గంటసేపు ప్రైవేట్, మిగతా పూట మంచులో ఆట. గ్రూపులో వేసి ఏడిపించడం దండగ. ప్రైవేట్‌కు ఖర్చు బాగా ఎక్కువే కానీ, ఇద్దరు పిల్లలూ ఒకే స్థాయిలో ఉంటే కలిపి తీసుకోవచ్చు.

ఈసారి పాప స్నోబోర్డు నేర్చుకుంటానంటోంది. మావారికి స్నోబోర్డు రాదు. కాబట్టి క్లాసు కావాలా వద్దా అన్న చర్చే ఇంట్లో రాలేదు.