వహాకాలో మోలే, మెస్కల్ రుచులు

మెక్సికోలో తిండి కోసం ఒక్క ఊరే చూసే వీలుంటే వహాకాకు వెళ్లమంటాను. మేము ఊరి నడిబొడ్డున ఒక చిన్న అతిథిగృహంలో దిగాం. గది ఇరుకు, అర్ధరాత్రి దాటినా వీధి చప్పుడు తగ్గలేదు. అయినా ‘20 నవంబర్’ అనే పేరున్న తిండి మార్కెట్ నాలుగడుగుల దూరంలో ఉంది కాబట్టి మళ్లీ వెళ్లినా అక్కడే దిగుతాను.

ఆ మార్కెట్‌లో ఒక నడవ నిండా బొగ్గుల పొగే. పలుచగా కోసిన తసాహో అనే గొడ్డుమాంసాన్ని తూచి, మన కళ్ల ముందే నిప్పుల మీద కాల్చి ఇస్తారు. రొట్టెలకూ పచ్చళ్లకూ వేరే డబ్బు ఇవ్వాలి, ముందే అడగండి. మాంసం తిననివాళ్లు త్లాయుడా దగ్గర జాగ్రత్తపడాలి. పళ్లెమంత ఉండే ఆ మొక్కజొన్న రొట్టెకు మొదట పూసేది పందికొవ్వు. ‘సిన్ అసియెంతో’ అంటే అది పూయకుండా చేసిస్తారు.

నల్ల మోలే అనే చిక్కటి పులుసుకు మాత్రం తీరిగ్గా కూర్చోవాలి. ఎండుమిరపకాయలను నల్లబడేదాకా కాల్చి, నువ్వులు, గింజపప్పులు, మసాలాలు, చాక్లెట్‌తో నూరి గంటల తరబడి ఉడికిస్తారు. మొదట నాలుకకు తీపి తగులుతుంది, వెనకే కాలిన మిరప చేదు, అది దిగాక గొంతులో సన్నని కారం. పచ్చ మోలేలో వేసే ఓహా సాంతా ఆకుది మన తమలపాకు కుటుంబమే. వాసన మాత్రం సోంపును గుర్తుచేస్తుంది.

మెస్కల్ అనే అక్కడి సారా తయారీ చూడాలని మొదట ఒక యాత్రా సంస్థ బస్సెక్కి పొరపాటు చేశాం. పొయ్యి దగ్గర పది నిమిషాలు, దుకాణంలో గంట! అందుకే ఆదివారం షేర్ టాక్సీలో సొంతంగా బయలుదేరి, త్లాకొలూలా సంతలో తిని, అక్కడి నుంచి సాంతియాగో మతత్లాన్ అనే ఊరు చేరాం. అక్కడ మెస్కల్ బట్టీని పాలెంకే అంటారు. మన రైలు కట్టల వెంట పెరిగే కిత్తనారకు దగ్గరి చుట్టమైన, మెస్కల్‌కు వాడే ఎస్పదీన్ మొక్క కోతకు రావడానికి ఆరు నుంచి ఎనిమిదేళ్లు పడుతుంది. అడవి రకం తెపెస్తాతేకు పాతికేళ్లు కూడా పట్టవచ్చు. ఆకులు నరికి, మధ్య దుంగను కాలిన రాళ్ల గుంతలో పూడ్చి రోజుల తరబడి మగ్గబెడతారు. మెస్కల్‌లోని పొగ వాసన అక్కడిదే. అక్కడ గుర్రం దుంగలను నలిపే రాతి చక్రాన్ని లాగుతుంటే మగ్గిన దుంగ బెల్లపు పాకంలా ఘుమఘుమలాడింది.

బట్టీ పెద్దాయన రెల్లు గొట్టంతో సారాను పీల్చి, కాయచిప్పలోకి ధారగా వదిలాడు. లేచిన బుడగలను వాళ్లు ముత్యాలంటారు. అవి చిట్లకుండా చిప్ప అంచున నిలిస్తే ఘాటు సరిగా కుదిరినట్టు. ఆయన మాకు నారింజ ముక్క, ఎండు పురుగులు నూరి కలిపిన ఉప్పు ఇచ్చి, పెదవి తడిసేంతే తాగమన్నాడు. నిజంగానే రెండో గుక్కకు గానీ రుచి తెలియలేదు.

సీసా కొనేటప్పుడు చీటీ మీద ‘అర్తెసనాల్’ (చేతిపనితో చేసినది) లేదా ‘అన్సెస్త్రాల్’ (పూర్వీకుల పద్ధతిలో చేసినది) అని ఉందో లేదో చూడండి. రెండోదాన్ని మట్టి కుండల్లో కాస్తారు. ధర ఎక్కువే, కానీ నేను దానికే డబ్బు పెడతాను.