రెండో జీడి షెడ్ ఎక్కడో తేల్చిన ఎక్సెల్ సాల్వర్

మాది పర్లాకిమిడి. రెండో జీడిపప్పు షెడ్ ఇక్కడే వేయాలా, గుణుపురంలోనా అని ఇంట్లో ఏడాది గొడవ, ఆఖరికి ఎక్సెల్‌లోనే ఉండే సాల్వర్ (మన లెక్కలూ షరతులూ ఇస్తే అన్నిటికంటే లాభమైన దారి వెతికిపెట్టే పనిముట్టు) ముందు కూర్చున్నాను. పిక్కల రేటు, లారీ కిరాయి, కూలి, నెలకు ఎన్ని బస్తాలు ఆడగలం, అన్నీ గళ్లలో నింపి ‘సింప్లెక్స్ ఎల్‌పీ’ అనే లెక్క పద్ధతి ఎంచుకుని నొక్కితే క్షణాల్లో జవాబొచ్చింది: గుణుపురంలో 0.4 షెడ్ కట్టమంది! షెడ్ గడికి ‘బైనరీ’ షరతు (కడితే 1, లేకపోతే 0, మధ్యలో ఏదీ కుదరదని) పెట్టడం మర్చిపోయానన్నమాట. పెట్టాక కూడా గుణుపురమే అంది. నిజమే మరి, పిక్కలో పప్పు సుమారు నాలుగో వంతే, పిక్కలు దొరికే చోటే పప్పు తీయక తొక్కకి కూడా కిరాయి కట్టడం దేనికి?

సాల్వర్‌కి విడిగా డబ్బు కట్టక్కర్లేదు, కానీ మార్చాల్సిన గడులు 200 దాటితే ఒప్పుకోదు, అప్పుడు ఉచితంగా దొరికే ఓపెన్‌సాల్వర్ వేసుకోండి. వానల్లో రోడ్డు సంగతి మాత్రం మనమే చెప్పాలి. నేను చెప్పలేదు, జూలైలో పప్పు లారీ రెండు రోజులు ఇరుక్కుపోయింది.